గ్రేసీ కుట్టిన పులికాట్

సూళ్లూరుపేటలో మా వీధి చివర, రైలు పట్టాల పక్కనున్న రేకుల ఇంట్లో గ్రేసీ ఉంటుంది. వయసు యాభై రెండు. భర్త పోయి పన్నెండేళ్ళయింది, పిల్లలు లేరు. జాకెట్లు కుట్టి బతుకుతుంది. తీరిక దొరికినప్పుడు పాత గుడ్డలతో బొమ్మలు కుడుతుంది. ఆమె కుట్టిన కొంగను చూసి మా వీధి పిల్లి మూడు రోజులు గుమ్మం ముందు మాటు వేసిందని నేను చాలామందికి చెప్పాను. నిజానికి అది కూర్చున్నది ఒక పూటే. అదీ కొంగ కోసమో, లోపల ఉడుకుతున్న రొయ్యల కోసమో నాకు తెలియదు. కొంగ మాత్రం బాగుంటుంది. తెల్ల పంచె ముక్కతో ఒళ్ళు, కొబ్బరి ఈనెలతో కాళ్ళు. పిల్లి మోసపోయిందంటే తప్పు పిల్లిది కాదు.

గ్రేసీ చేసే పనికి పేరేమిటో ఆమెకూ తెలియదు. బొంత అంటే బొంత, పటం అంటే పటం. అడుగున పాత దుప్పటి పరుస్తుంది. దానిమీద చీరల ముక్కలు, లుంగీలు, తువ్వాళ్ళు పొరలు పొరలుగా పేర్చి బొంతకుట్టు వేస్తుంది. పులికాట్ సరస్సు ఒడ్డున నల్లబురదలో తుప్పు మేకులతో కలిపి పూడ్చిపెట్టిన గుడ్డను పది రోజుల తర్వాత తీస్తే మబ్బు పట్టిన నీళ్ళ రంగు వస్తుంది. చిరిగిన రొయ్యల వలను దానిమీద పరిస్తే అవి అలలు. తుమ్మబంక పూసి ఇసుక చల్లితే గట్టు. గుల్లల పొడి చల్లితే ఉప్పు తేలిన నేల. వేసవిలో పులికాట్ ఏ మూల ముందు ఎండుతుందో, పగుళ్ళు ఎక్కడ వెడల్పుగా వస్తాయో ఆమెకు తెలుసు. ఆమె పుట్టింది ఆ ఉప్పునీళ్ళ ఒడ్డునే, మొనపాళెంలో.

మొనపాళెంలో ఒక ఆచారం ఉంది. మనిషి పోతే పదకొండో రోజున వాళ్ళ బట్టలన్నీ మూటకట్టి పులికాట్‌లో వదిలేస్తారు. గుడికి పోయేవాళ్ళయినా, చర్చికి పోయేవాళ్ళయినా ఆ ఒక్క పని మాత్రం ఒకే తీరుగా చేస్తారు. పోయినవాళ్ళ బట్ట ఎవరూ కట్టుకోరు, ఎవరికీ ఇవ్వరు. అమ్మడమన్న మాట అక్కడ ఎవరి నోటా రాదు. గ్రేసీ తండ్రి పెంచలయ్య పోయినప్పుడు ఆమె మూటలోనుంచి జానెడు లుంగీ ముక్కను దొంగతనంగా చింపి రవికలో దాచుకుంది. ఇంటికొచ్చి దాన్ని ఒక పడవగా కుట్టి గోడకు వేలాడదీసింది.

జాకెట్టు కొలతలకు వచ్చిన మొనపాళెం ఆడవాళ్ళు ఆ పడవను చూశారు. తప్పు చేశావని ఎవరూ అనలేదు. ఒకామె మాత్రం వారం తర్వాత వచ్చి, తన అత్త చీర కొంగు ఉంది, దానికి కూడా ఇందులో చోటుంటుందా అని అడిగింది. అది కరోనా వచ్చిన ఏడాది. ఆ ఏడాది మొనపాళెంలో మూటలు ఎక్కువయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలుపెట్టారు. అందరూ పెట్టిన షరతు ఒకటే, ఇది అమ్మకూడదు. గ్రేసీ ప్రతి ఒక్కరి ముందూ బైబిల్ మీద చెయ్యి పెట్టి మాట ఇచ్చింది. నలభై మూడు ఇళ్ళ గుడ్డలు వచ్చాయి. అన్నిటినీ కలిపి ఒకే పులికాట్ పటంగా ఐదేళ్ళ పాటు కుట్టింది.

పోలేరమ్మ అందరికంటే చివర వచ్చింది. ఆమె కొడుకు మునిశేఖర్ గాలివానలో పడవ తిరగబడి పులికాట్‌లోనే పోయాడు. ముప్పై ఏళ్ళు కూడా లేవు. అతని బట్టల మూటను మాత్రం ఆమె నీళ్ళలో వదలలేదు. ఆ నీళ్ళకు ఇంకేమీ ఇవ్వనని రెండేళ్ళు ఇంట్లోనే పెట్టుకుంది. అందులోని నీలం గళ్ళ లుంగీ ఒకటి తెచ్చి గ్రేసీ ఒళ్ళో పెట్టింది.

"నీళ్ళలో పెట్టబాక గ్రేసీ," అన్నది. "నా బిడ్డను గట్టున పెట్టు."

గట్టు పటంలో ఎడమ కొసన ఉంది. తాటిచెట్ల కింద, పడవలు ఆపే చోట గ్రేసీ ఆ లుంగీని కుట్టింది. అక్కడి నుంచి కుడివైపుకు మొత్తం నీళ్ళే. నడుమ వలల కర్రలు, గూడబాతులు, కుడి కొసన ఇసుక మేట, దాని వెనక సముద్రం. పదకొండడుగుల పొడవు. విప్పి పరవడానికి ఆమె ఇల్లు చాలక మా వరండాలో పరిచారు. దానిమీద నడిస్తే పాదాలు తడుస్తాయని నేను వీధిలో పుకారు పుట్టించాను. ఇద్దరు పిల్లలు నిజంగానే చెప్పులు విప్పి, ప్యాంట్లు పైకి మడుచుకుని వచ్చారు.

ఇక లోకేశ్వరి సంగతి. ముప్పై ఏళ్ళ కిందట గ్రేసీ, లోకేశ్వరి ఒకే శిక్షణ కేంద్రంలో టైలరింగ్ నేర్చుకున్నారు. ఇద్దరికీ కలిపి ఒక్కటే మిషను. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు గుడ్డ నడిపేవారు. పెళ్ళయ్యాక లోకేశ్వరి తిరుపతికి పోయింది. తిరుచానూరు రోడ్డులో లేసులు, బొత్తాలు, దారాలు అమ్మే కొట్టు పెట్టింది. ఎక్కడికి పోయినా గ్రేసీకి దారపు కండెలు సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చేది. గ్రేసీకి గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు తన కొట్టు మూసుకుని ఇరవై రోజులు ఇక్కడే ఉండి నీళ్ళు పోసింది, తల దువ్వింది. మా వీధిలో వాళ్ళను అక్కచెల్లెళ్ళనే అనుకునేవారు.

గత ఏడాది తిరుపతిలో ఒక మహిళా సంఘం చేతిపనుల ప్రదర్శన పెట్టింది. మూడు రోజులు చూపించి తెచ్చిస్తానని లోకేశ్వరి అడిగింది. గ్రేసీ వెంటనే సరే అనలేదు. మొనపాళెం పోయి అందరినీ అడిగింది. చూపించడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. పటాన్ని దుప్పట్లో చుట్టి, పైన ప్లాస్టిక్ పట్ట కట్టి, బస్సులో కిటికీ పక్క సీటులో పడుకోబెట్టి పంపించింది.

మూడు రోజులు వారమయ్యాయి. ప్రదర్శన పొడిగించారని లోకేశ్వరి ఫోను చేసింది. తర్వాత గుడ్డకు పురుగు పట్టకుండా మందు కొట్టించడానికి చెన్నై పంపామంది. తర్వాత ఫోను మోగేది కానీ ఎత్తేది కాదు. మొనపాళెం నుంచి కబురు వచ్చినప్పుడల్లా గ్రేసీ ఆ మందు సంగతే చెప్పేది. లోకేశ్వరి చెప్పిందంటే ఆమెకు వేరే రుజువు అక్కరలేదు.

రెండున్నర నెలల తర్వాత మా తమ్ముడి మనవరాలి నిశ్చితార్థానికి నేను తిరుపతి పోయాను. కొత్తగా కట్టిన హోటలు. లోపలికి అడుగుపెట్టగానే రిసెప్షన్ వెనక గోడ మీద పులికాట్ కనిపించింది. మూడు ముక్కలుగా కోసి, మూడు అద్దాల చట్రాల్లో బిగించారు. కింద ఇత్తడి పలక మీద 'పులికాట్ స్వప్నం, ఆర్టిస్ట్ లోకేశ్వరి' అని ఉంది. దగ్గరికి పోయి చూస్తే ఇంకొకటి తెలిసింది. తాటిచెట్లు నడుమ ఉంటే అందంగా ఉంటుందని ఎవరికో తోచినట్టుంది. ఎడమ ముక్కను తెచ్చి మధ్యలో పెట్టారు. మునిశేఖర్ లుంగీకి ఇటూ నీళ్ళే, అటూ నీళ్ళే.

నిశ్చితార్థంలో ఏం తిన్నానో గుర్తు లేదు. వచ్చీరాగానే గ్రేసీకి చెప్పాను. ఆమె మిషను తొక్కుతూ నవ్వింది. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు నాకు ఒక్కో అబద్ధానికి ఒక్కో స్కేలుదెబ్బ చొప్పున వేసేవారు. విరిగిన స్కేళ్ళు మారాయి కానీ నేను మారలేదు. ఆ సంగతి మా వీధికంతా తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఎంత ప్రయత్నించినా, అలవాటు లేని పని కావడంతో అది కూడా అల్లినట్టే వినిపించింది. నా దగ్గరున్నది బటన్ల ఫోను. ఫోటో తీసే దారి లేదు.

"పో మామా. పిల్లి కతలు పిల్లలకి సెప్పుకో," అన్నది గ్రేసీ. "లోకా ఆ పని సేసేది కాదు."

"తాటిచెట్లు నడుమకొచ్చినాయి. లుంగీకి రెండు పక్కలా నీళ్ళుండాయి," అన్నాను నేను.

మిషను ఆగింది. ఆమె సూది కింద ఇరుక్కున్న జాకెట్టు చేతిని మెల్లగా బయటికి లాగింది.

"నువ్వు అబద్ధమాడితే పటం మాట్లాడిందంటావు, నీళ్ళు కారినాయంటావు," అన్నది. "ఇట్టాంటిది నీకు కల్పించేదానికి రాదు మామా."

మర్నాడు తెల్లవారి మొదటి బస్సుకే తిరుపతి పోయింది. అక్కడ జరిగింది తర్వాత ఆమే నాకు చెప్పింది. లోకేశ్వరి దాచిపెట్టే ప్రయత్నమేమీ చేయలేదట. స్టూలు వేసి కూర్చోబెట్టి కాఫీ తెప్పించింది. ప్రదర్శనకు వచ్చిన హోటలువాళ్ళు పటం నచ్చి కొనుక్కున్నారని చెప్పింది. నీ ఇంట్లో ఎలుకలు కొట్టేస్తాయి, అక్కడ అద్దంలో వందేళ్ళుంటుంది కదా అన్నది. హోటల్లో అన్ని గదుల కర్టెన్లు, దిండు గలీబులు కుట్టే పని కూడా తనకే ఇచ్చారని, అందులో గ్రేసీకి సగం పని ఇస్తానని చెప్పింది. గ్రేసీ ఇవేవీ వినలేదు. ఒకటే అడిగింది.

"నీ పేరెందుకు ఏసుకున్న్యావు లోకా?"

"ఎవురు సేసినారని అడిగినారు. మేము అన్న్యాను. మళ్ళీ అడిగినారు. ఆ సారి నేను అని వచ్చేసింది. వచ్చిన మాటను యాడ దాసేది?" అన్నది లోకేశ్వరి. ఆ వెంటనే గొంతు పెంచింది. "ముప్పై ఏండ్లు దారం మోసినానే నీకు. రంగు నేను ఏరి తెస్తే నువ్వు కుట్టినావు. దాంట్లో నాదేమీ లేదా?"

"నీదీ ఉండాది. నలభై మూడు ఇండ్లది ఉండాది. అమ్మేదానికి నీకు హక్కు ఎవురిచ్చినారు?"

ఒప్పంద పత్రం రాసేశారని, ఇక వెనక్కి రాదని లోకేశ్వరి అన్నది. గ్రేసీ లేచి వచ్చేసింది. ఆపరేషన్ అయినప్పుడు తనకు తల దువ్విన చేతులు అవే కదా అని బస్సులో కూర్చున్నంతసేపూ అనిపించిందట. కోపం రావాల్సిన చోట ఆ చేతులే అడ్డం వచ్చాయని చెప్పింది.

తర్వాత మూడు రోజులు మొనపాళెంలో ఇల్లిల్లూ తిరిగింది. నేనైతే దొంగలు పడ్డారనో, తుఫానులో కొట్టుకుపోయిందనో ఒక కథ అల్లి ఇచ్చేవాణ్ణి. అల్లి ఇస్తానని చెప్పాను కూడా. వద్దన్నది. జరిగింది జరిగినట్టే చెప్పింది. ఒకామె విని తలుపు వేసుకుంది. ఒకామె తన అత్త పేరు ఎత్తి ఏడ్చింది. ఒకామె మాత్రం, పోనీలే, నలుగురూ చూస్తున్నారు కదా అన్నది. ఆ మాటే అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుందని గ్రేసీ చెప్పింది.

పోలేరమ్మ చేపలు ఆరబెడుతూ మొత్తం విన్నది. లోకేశ్వరి మోసం చేసిందని గ్రేసీ అన్నప్పుడు తలెత్తింది.

"ఆయమ్మెవురో నాకు తెలీదు. నేను నీకిచ్చినాను," అన్నది. "నా బిడ్డ ఇప్పుడు యాడుండాడు?"

గ్రేసీ ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది. చెప్పలేదు. "నడాన. నీళ్ళ మద్దెలో," అన్నది.

పోలేరమ్మ చేతిలోని చేపను కింద పెట్టింది. "పటం నువ్వేమన్నా సేసుకో. వాడ్ని మాత్రం గట్టుకు సేర్చు," అన్నది.

అందుకని గ్రేసీ మళ్ళీ తిరుపతి బయల్దేరింది. హోటలు చూపించడానికి నేనూ వెంట పోయాను. నాయుడుపేట దాటేలోపే నా చేత మాట తీసుకుంది, లోపల నేను నోరు తెరవకూడదని. డెబ్బై నాలుగేళ్ళలో నేను నిలబెట్టుకున్న మాటల్లో అదొకటి.

మేనేజరు పేరు భానుచందర్. మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి, మంచినీళ్ళు తెప్పించాడు. పటం వెనక్కి ఇచ్చే మాటే లేదని, అది యజమాని ఆస్తి అని మెల్లగా చెప్పాడు. ఆ సంగతి గ్రేసీకి ముందే తెలుసు. వెనక్కి వద్దు, నడుమ ఉన్న ముక్కను ఎడమ పక్కకు మార్చండి చాలు అన్నది. ఎందుకని అడిగాడు. అది గట్టు సార్, గట్టు ఒడ్డునే ఉండాల కదా అన్నది. అతను వెనక్కి తిరిగి మూడు చట్రాలనూ చూశాడు. అతని కళ్ళకు అది బాగానే ఉంది.

"పది నిమిషాల పనేనమ్మా. కానీ ఎవరో వచ్చి చెప్పారని ఆర్టిస్టు పటం మార్చితే రేపు నన్ను అడుగుతారు. మేడమ్ వచ్చి చెబితే ఇప్పుడే మార్పించేస్తాను."

మేడమ్ అంటే ఎవరో అర్థం కావడానికి గ్రేసీకి ఒక క్షణం పట్టింది. ఆ పటం ఐదేళ్ళు కుట్టిన మనిషి దాని ముందే కూర్చుని ఉంది. నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. లేచి బయటికి పోయి, నా ఫోను తీసుకుని లోకేశ్వరికి చేసింది. తన నంబరైతే ఎత్తదని తెలుసు.

ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు. అరగంటలో ఆటో వచ్చి ఆగింది. లోకేశ్వరి దిగి గ్రేసీ వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. ఇద్దరూ పక్కపక్కనే లోపలికి వచ్చారు కానీ నడుమ ఇంకో మనిషి పట్టేంత ఎడం ఉంది.

లోకేశ్వరి పటం వైపు చూడకుండానే, ముక్కలు తారుమారయ్యాయని, తాటిచెట్లు ఎడమ కొసకు పోవాలని చెప్పింది. భానుచందర్ వెంటనే ఇద్దరు పనివాళ్ళను, నిచ్చెనను పిలిపించాడు. అప్పుడు ఊరికే మాటల్లో అడిగాడు.

"మరి ఈమె ఎవరు మేడమ్? మీకంటే ముందు ఈమే కనిపెట్టారు."

లోకేశ్వరి నోరు తెరిచింది. ఆ ఒక్క క్షణంలో ఆమె నిజం చెప్పేస్తుందని నేను నమ్మాను. దేవుడి మీద ఒట్టు, నమ్మాను. ఆమె కళ్ళు ఇత్తడి పలక మీదికి పోయి వచ్చాయి.

"నా దగ్గిర కుట్టు పనికొస్తాది సార్," అన్నది.

భానుచందర్ గ్రేసీ వైపు తిరిగి నవ్వాడు. "అవునామ్మా?"

నిచ్చెన మీది మనిషి నడుమ చట్రాన్ని అప్పుడే మేకు నుంచి పైకి ఎత్తుతున్నాడు. గ్రేసీ అతని చేతులనే చూస్తూ చెప్పింది.

"అవును సార్. మేడమ్ సెప్పినట్టే పెట్టండి."

చట్రాలు మారాయి. తాటిచెట్లు ఎడమ కొసకు పోయాయి. వాటి కింద నీలం గళ్ళు. అక్కడి నుంచి నీళ్ళు మొదలై కుడికి పోయి, ఇసుక మేట దాటి సముద్రంలో కలిశాయి. కోసిన చోట్ల మాత్రం రెండు వేళ్ళ వెడల్పున గోడ కనిపిస్తోంది. గ్రేసీ దగ్గరికి పోయి అద్దం మీద అరచెయ్యి పెట్టింది. ఆమె చెయ్యి తీయగానే పనివాడు ఆ గుర్తును గుడ్డతో తుడిచేశాడు.

బయట లోకేశ్వరి ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఏడుస్తోంది. ఇంటికొచ్చి ఒక ముద్ద తిని పొమ్మన్నది. గ్రేసీ చెయ్యి విదిలించుకోలేదు. ఒక్కొక్క వేలూ మెల్లగా విప్పింది. "వద్దు మేడమ్, బస్సుకు టైమైతాది," అని నా సంచి కూడా తనే అందుకుని రోడ్డు దాటింది. దారంతా కిటికీలోనుంచి బయటికి చూస్తూనే ఉంది. నేను రెండు కథలు మొదలుపెట్టి రెండూ మధ్యలో వదిలేశాను.

మర్నాడు పొద్దున ఇద్దరం మొనపాళెం పోయాం. పోలేరమ్మ ఇంటి ముందు బండరాయి మీద కూర్చుని ఉంది. గట్టుకు చేర్చినాను పెద్దమ్మా అని గ్రేసీ చెప్పింది. ఎలా చేర్చిందో, అక్కడ తను ఎవరినని ఒప్పుకుందో చెప్పలేదు. నాకు చెప్పాలని నోరు దురద పెట్టింది. కానీ బస్సులో ఇచ్చిన మాట గడువు తీరిందో లేదో తెలియక ఊరుకున్నాను.

పోలేరమ్మ చాలాసేపు తల ఊపింది. గ్రేసీకి చెంబుతో నీళ్ళిచ్చింది. ఆమె తాగి చెంబు తిరిగి ఇచ్చేదాకా ఆగి, అప్పుడు అన్నది.

"మంచి పని సేసినావు. ఇంక మా ఇండ్ల గుడ్డ మాత్రం ఎప్పుడూ అడగబాక గ్రేసీ."

"అడగను పెద్దమ్మా," అన్నది గ్రేసీ.